మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో పిల్లల కౌన్సెలింగ్ సెంటర్: మా బాబు విషయంలో ఏం జరిగిందంటే

మాది జడ్చర్ల. బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. రెండు నెలల్లో స్కూల్ నుంచి ఆరుసార్లు ఫోన్ వచ్చింది. నోట్‌బుక్ చింపాడు, పక్క పిల్లాడిని కొట్టాడు, బెంచీ కిందికి దూరి రానన్నాడు. మా ఆయన రెండు దెబ్బలు వేశారు, అత్తమ్మ జహంగీర్ పీర్ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది, చివరికి నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్‌తోనే ఈ సెంటర్‌కు వెళ్లాం.

మొదటి రోజే మందులు రాస్తారనుకున్నాను. రాయలేదు. నిద్ర ఎట్లా పోతాడు, కళ్లు, చెవులు చూపించారా, ఇంట్లోనూ ఇట్లాగే చేస్తాడా, ఎప్పటి నుంచి, ఇవే ముప్పావుగంట అడిగారు. యూట్యూబ్‌లో చూసి ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఏమో అని నేనే అన్నాను. "దానికి లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలవ్వాలమ్మా, కనీసం 6 నెలలు ఉండాలి, ఇల్లు, బడి రెండు చోట్లా కనబడాలి. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదంటున్నారు కదా, తొందరపడొద్దు" అన్నారు డాక్టరమ్మ.

క్లాస్ మేడంకు ఇమ్మని మూడు గడుల కాగితం ఇచ్చారు. గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది, రెండు వారాలు రాయాలి. మేడం రాసిచ్చింది చూసి నాకు ఏడుపొచ్చింది. లెక్కల పీరియడ్‌లో ఒక్క గొడవా లేదు. అన్నీ తెలుగు, ఇంగ్లిష్‌లోనే, అదీ లేచి చదవమన్నప్పుడే. కొడితే బయట నిలబెడతారు, బయట ఉంటే చదవక్కర్లేదు. గుణింతాలు, ఒత్తులు కలిపి చదవడం వాడికి రావట్లేదని మాకెవరికీ తెలియనే లేదు, పాఠం విని అప్పజెప్పేవాడు మరి. తర్వాత పరీక్షలు చేసి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు కలిపి చదవడం కష్టమయ్యే ఇబ్బంది అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇట్లాంటి అభ్యసన (నేర్చుకోవడంలో) వైకల్యం కూడా ఉందట, అదీ అక్కడే తెలిసింది.

ఇప్పుడు ప్రతి శనివారం గంటసేపు అక్షరం, శబ్దం కలిపి నేర్పిస్తున్నారు. మేడం కూడా అందరి ముందు చదివించడం మానేసి పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు, ఆమెకు ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. మూడు నెలల్లో ఒక్కసారే ఫోన్ వచ్చింది.

సిట్టింగ్‌కు 600. పదింటికి రమ్మని పన్నెండుకు పిలుస్తారు, అంతసేపు పిల్లల్ని కూర్చోబెట్టడం నరకం. ఫారాలన్నీ ఇంగ్లిష్‌లోనే, తెలుగులో తప్పకుండా పెట్టాలి. డబ్బు కష్టమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వెళ్లేటప్పుడు స్కూల్ నోట్‌బుక్‌లు పట్టుకెళ్లండి. చింపినవి కూడా.