గోల్కొండ "పిల్లల సిపాయి" ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఆగండి

ఇన్‌స్టాలో తెగ తిరుగుతోందే, పిల్లలకి సిపాయి వేషం వేసి గోల్కొండ తిప్పుతామని... ఆ పేజీ వాళ్ల గురించే. మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయను. కత్తి, డాలు, విలువిద్య, నిధి వేట, స్నాక్స్. తలకి 1,200, "ఎంట్రీ టికెట్‌తో కలిపి". కోట పట్టడానికి ఔరంగజేబుకే 1687లో ఎనిమిది నెలలు పట్టింది. నా పర్సు ఖాళీ చెయ్యడానికి వీళ్లకి రెండు మెసేజ్‌లు సరిపోయాయి.

బాలాహిస్సార్ ద్వారం దగ్గరికి ఆలస్యంగా ఓ కుర్రాడొచ్చాడు. అంతమంది పిల్లలకి కలిపి ఒకే అట్టకత్తి, రెండు తలపాగాలు. నిధి వేట అంటే ఒక జిరాక్స్ కాగితం, అందులో రామదాసు చెరసాల మీద "నిధి ఇక్కడ" అని ఇంటూ మార్కు. ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడని ఆయన్ని పడేసిన చోటది. అక్కడ నిధట!

గుమ్మటం కింద పిల్లలతో చప్పట్లు కొట్టించి, "పైన బారాదరి దాకా వినబడుతుంది, వెళ్లి చూసుకోండి" అన్నాడు. అందరం కిందే ఉంటే పైన వినేదెవరు బాబూ?

"అన్నా, బాణాలెప్పుడు?" అని మా చిన్నోడు అడిగాడు. ఫోన్‌లోంచి తలెత్తలేదు. "కోటలో అవి ఒప్పుకోరు మేడమ్, ఆ మాత్రం తెలీదా?" అని నాకు జవాబు! మరి ఆ ఫోటోలేంటంటే "శాంపిల్" అన్నాడు. అని ఊరుకోలేదు. మా వాడి నెత్తిమీది తలపాగా ఊడబెరికి సంచిలో వేసుకున్నాడు. "తర్వాతి బ్యాచ్‌కి కావాలి." వాడు రెండు చేతులూ ఖాళీ నెత్తిమీద పెట్టుకుని నావైపు చూశాడు. డబ్బు పోయిందని కాదు, అదే ఇంకా మండుతోంది నాకు.

కొసమెరుపు కౌంటర్ దగ్గర. "పదిహేనేళ్లలోపు పిల్లలకి టికెట్టే లేదమ్మా" అన్నారు. భలే కలిపారు టికెట్‌ని! వాపసు అడిగితే బ్లాక్ చేశారు.

ముందుగా ఎవరికీ కట్టకండి. మామూలుగా తీసుకెళ్లినా పిల్లలకి బోలెడంత ఉంది. ఏనుగులు గుద్ది పగలగొట్టకుండా ఫతే దర్వాజా తలుపులకి కొట్టిన ఇనుప మేకులు చూపించండి చాలు, మా వాళ్లు అక్కణ్ణుంచి కదల్లేదు. చప్పట్లకి మాత్రం ఒకరిని ముందే పైకి పంపండి. మెట్లు 360 దాకా ఉంటాయి, నీళ్ల సీసా మర్చిపోవద్దు.