బడా బజార్ మొగలి అత్తరు, కారే మూత

బరంపురం బడా బజార్‌లో పట్టుచీరల కొట్లు దాటాక ఒక సందులో చిన్న అత్తరు కొట్టుంది. పేరు రాయను. మెప్పుతో పాటు ఫిర్యాదు కూడా ఉంది, ముసలాయన్ని వీధికీడ్చడం నాకిష్టం లేదు. కొన్నది మొగలి అత్తరు, ఐదు మిల్లీలీటర్ల సీసా, 350 రూపాయలు.

మొగలి మా గంజాం జిల్లా సొత్తు. ఒడియా వాళ్లు కియా అంటారు. ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు గట్ల మీద పొదలు పొదలుగా పెరుగుతుంది. వాసన మగపువ్వుదే. వానాకాలంలో తెల్లారకముందే కోసుకొచ్చి, డేగులనే పెద్ద రాగి బానల్లో నీళ్లు పోసి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, గంధం నూనె పోసి ఉంచిన భప్కా అనే పాత్రలో చల్లబడుతుంది. అసలు పద్ధతి అది. ఈ ధరకి గంధం రాదని తెలిసే అడిగాను.

"గంధమా బాబూ! ఇది పారఫిన్ నూనెలోదే" అన్నాడాయన, మొహం తిప్పుకోకుండా. ఆ మాటకే సగం మార్కులు వేశాను.

కొట్లో వాసన చూసి మాత్రం కొనకండి. ముప్పై సీసాలు తీస్తూ మూస్తూ ఉంటే గాలంతా కలగూరగంప. నాలుగో సీసా దగ్గరికొచ్చేసరికి నాకు మల్లెకీ మొగలికీ తేడా తెలీలేదు. ముక్కు అలవాటు పడిపోతుంది, అంతే. బయటికొచ్చి టీ తాగి పది నిమిషాలాగి మళ్లీ లోపలికెళ్తే మొగలి మొగలిలా కొట్టింది.

నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై రెండేళ్లు అటెండరుగా చేసి రిటైరయ్యాను. ఏదైనా కొలవకుండా ఊరుకోలేను. ఇంటికి రాగానే దూదిమీద ఒక్క చుక్క వేసి దేవుడి గదిలో పెట్టబోయాను.

"ఏటండీ, మొగలి శివుడికి పనికిరాదని తెల్దా? అబద్ధపు సాక్ష్యం చెప్పిన పువ్వది" అని మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. దూది ముందుగదిలోకి మారింది.

తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపేసి, టీపాయ్ మీద దూది పెట్టి, గది ఆ చివర కుర్చీలో కూర్చున్నాను. మధ్యలో పది అడుగులు. తొలి వాసన ఆరు నిమిషాలకి తగిలింది. కాసేపు గది బయట తిరిగొచ్చి ఫ్యాను వేశాను. ఈసారి పావు నిమిషం కూడా పట్టలేదు.

మొగలి వాసనలో పెద్ద వాటా ఫినైల్ ఈథైల్ మిథైల్ ఈథర్‌ది. అణుభారం 136. దాని అణువు మన గది వేడిలో సెకనుకి 200 మీటర్ల పైచిలుకు వేగంతో పరిగెడుతుంది. మరి పది అడుగులకి ఆరు నిమిషాలేమిటి అంటారా? రెండేళ్లకోసారి వచ్చే మా ఠాకురాణి జాతర చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాళ్లలో ఎంత సత్తువున్నా జనంలో అడుగు ముందుకీ, రెండు పక్కకీ పడతాయి. గాలి అణువులు మొగలి అణువుని సెకనుకి వందల కోట్ల సార్లు గుద్దుతుంటాయి. గాలి అసలు కదలకపోతే, ఈ తోపులాటలోనే సగటున ఒక్క మీటరు జరగడానికి అర రోజు పైనే పడుతుంది. నా ఆరు నిమిషాలు కూడా తలుపు సందులోంచి వచ్చిన గాలి, నా ఒంటి వేడికి లేచిన గాలి పెట్టిన భిక్షే. ఊళ్లో వాసన మోసేది గాలే. విసరణ, అంటే అణువులు ఇలా గుద్దుకుంటూ వాటంతటవే వ్యాపించడం, చేసే పని దూది దగ్గరా, ముక్కు దగ్గరా, ఆ కొద్ది మేరలోనే.

ల్యాబులో విసరణ చూపించడానికి పొడుగాటి గాజు గొట్టం ఉండేది. ఒక చివర అమ్మోనియా దూది, రెండో చివర హైడ్రోక్లోరిక్ ఆమ్లం దూది. తెల్లటి పొగ ఉంగరం మధ్యలో కాకుండా ఆమ్లం వైపు జరిగి పడుతుంది. అమ్మోనియా అణుభారం 17, ఆమ్లానిది 36.5, తేలికది ముందు పరిగెత్తింది. థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త 1830లలో తేల్చిన లెక్క. పిల్లలు చప్పట్లు కొట్టేవారు, గొట్టం కడిగేది నేను.

ఇక గంధం ఎందుకంటే, దాని అణువులు బరువు, 220. తొందరగా ఆవిరవ్వవు, మొగలిని కూడా పట్టి ఉంచుతాయి. మా అత్తగారి కాలం నాటి సీసా అడుగున తడి మిగిలుంది. మూత తీస్తే ఇప్పటికీ గుప్పుమంటుంది. నా పారఫిన్ సరుకు పొద్దున చొక్కాకి రాస్తే సాయంత్రానికి జాడ లేదు. ధరకి తగ్గది, తిట్టను.

తిట్టేది మూతని. ప్లాస్టిక్ మూత, మర సరిగ్గా పట్టదు. జేబులో పెట్టుకుని ఇచ్ఛాపురంలో చెల్లెలింటికి బస్సెక్కాను. పాతిక కిలోమీటర్లలో సీసాలో పావు వంతు చొక్కాలోకి పోయింది. కండక్టరు టికెట్టు ఇస్తూ "పెళ్లికొడుకు ఎక్కడండీ?" అన్నాడు. వెనక సీటావిడ కిటికీ తెరిచింది.

వారం తర్వాత వెళ్లి చూపించాను. ముసలాయన ఏమీ వాదించలేదు, గాజు బిరడా ఉన్న ఖాళీ సీసా ఇచ్చి మిగిలింది అందులో పోసిచ్చాడు. కారిపోయిన దానికి డబ్బులు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కొనేవాళ్లు మాత్రం ముందే గాజు బిరడా అడగండి, ఇరవై రూపాయలు ఎక్కువ. మిఠాయిల్లో వేసే మొగలి నీళ్లు కూడా అమ్ముతాడు, అవి నాకు చప్పగా అనిపించాయి.

ఆ చొక్కా మూడుసార్లు ఉతికాం. మా ఆవిడ ఇంకా వేరే తాడు మీద ఆరేస్తోంది.