పవర్‌షెల్ 7: విజయనగరం దాటింది, శ్రీకాకుళం ఆగింది

పవర్‌షెల్ అంటే కమాండులు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే ప్రోగ్రాము. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి పవర్‌షెల్ 7లో నచ్చేది ఒక్కటే. 7.4 వెర్షన్ నుంచి రెండు బయటి ప్రోగ్రాముల మధ్య పైపు వేస్తే, అంటే ఒకదాని ఫలితాన్ని నేరుగా ఇంకోదానికి పంపిస్తే, బైట్లని (అక్షరాల్ని దాచే సంఖ్యల్ని) ముట్టుకోకుండా అటు అందిస్తుంది. విండోస్‌తో వచ్చే 5.1లో ఈ సుఖం లేదు. అక్కడ పైపులోకి వెళ్లే తెలుగు మామూలుగా ఇంగ్లీషు అక్షరాలే ఉండే ఆస్కీ అయిపోతుంది, అంటే అక్షరానికో గుణింతానికో ఒక్కో ప్రశ్నార్థకం. తెర మీద ఆల్ఫాలూ గళ్లూ కనిపిస్తే ఇంకా ఆశ ఉంటుంది, 437 కోడ్‌పేజీతో, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే ఒక పాత పట్టికతో, చదివేసిందని పోల్చుకుని వెనక్కి తిప్పుకోవచ్చు. ప్రశ్నార్థకాల వెనక ఏ పేరుండేదో దేవుడికే తెలియాలి. అందుకే శ్రీకాకుళంలోని మా డీటీపీ షాపులో చిరునామా లేబుళ్ల పనంతా 7 మీదకి మార్చేశాను. చాలాకాలం పైపు సంగతే గుర్తు రాలేదు.

తర్వాత మధ్యలో ఒక పైథాన్ స్క్రిప్టు వచ్చి చేరింది. దాని పని చిన్నదే, ప్రతి లైనుకీ వరుస సంఖ్య వేసి ఫైల్లోకి పంపడం. ఊళ్ల జాబితా ఇవ్వగానే 8డి అనే బైటుని చదవలేనంటూ ఆగిపోయింది. ఒక్కొక్క ఊరి పేరే పంపి చూశాను. విజయనగరం శుభ్రంగా వచ్చింది. రాజాం, పలాస, పాలకొండ, ఆమదాలవలస కూడా. శ్రీకాకుళం రాలేదు. టెక్కలి, నరసన్నపేట, బొబ్బిలి, పార్వతీపురం కూడా అంతే. మా ఊరి మీదే కక్షా అనిపించింది!

విషయం ఏమిటంటే, పైపులోంచి వచ్చేదాన్ని పైథాన్ విండోస్ కోడ్‌పేజీ 1252 అనుకుని చదువుతోంది. అన్ని భాషల అక్షరాలకీ చోటున్న యూటీఎఫ్-8 పద్ధతిలో పొల్లుకి (ఒత్తు రాసినా లోపల ఉండేది అదే) చివరి బైటు 8డి, కొమ్ముకి 81. ఈ రెండిటికీ 1252లో చోటు లేదు. మా జాబితాలో పొల్లూ కొమ్మూ లేని పేర్లు తప్పుగా చదివి, అదే తప్పుతో తిరిగి రాస్తే బైట్లు యథాతథంగా బయటపడుతున్నాయి. అసలు టెన్షన్ అదే. విజయనగరంతో మాత్రమే పరీక్షించినవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇస్తే గొడవ తీరింది. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చెయ్యాలని నిర్ణయించారు.

పైపు బైట్లని ముట్టుకోదు అన్నాను కదా, అది రెండు వైపులా బయటి ప్రోగ్రాములున్నప్పుడే. మధ్యలో సెలెక్ట్-స్ట్రింగ్ లాంటి పవర్‌షెల్ సొంత కమాండు పెడితే, వచ్చిన బైట్లని కన్సోల్ ఎన్‌కోడింగ్ ప్రకారం మళ్లీ చదువుతుంది. మా మెషీన్లో అది 437. పవర్‌షెల్ తెరవగానే చదివే ప్రొఫైల్ ఫైల్లో యూటీఎఫ్-8 అని రాసుకుంటే తప్ప మళ్లీ ఆల్ఫాలే.

అయినా నేను 7నే వాడతాను. లేబుల్ ప్రింటరు డ్రైవరు విండోస్‌కే ఉంది, లేకపోతే లైనక్స్‌కి వెళ్లిపోయేవాణ్ణేమో. షాపులో కుర్రాళ్లు అలవాటుగా 5.1 నీలం కిటికీయే తెరుస్తున్నారు కాబట్టి టాస్క్‌బార్ నుంచి దాన్ని తీసేశాను. తెలుగు లిస్టులు ఎప్పుడో ఒకటి వచ్చే షాపుకైతే ఇంత హడావిడి అక్కర్లేదు, ఎక్సెల్‌లో చేత్తో కానిచ్చేయొచ్చు.