చిలకరింపుకైనా, ముంచడానికైనా ఈ మాస్టర్ దగ్గరే కుట్టించండి

బాప్తిస్మం బట్టలు కర్నూల్లో ఎవరు బాగా కుడతారంటే నేను చెప్పేది కొండారెడ్డి బురుజు దాటినాక సందులో ఉండే చిన్న టైలర్ షాపు. మాస్టర్ ముస్లిం. మన క్రైస్తవ సంఘాల పద్ధతులు ఆయనకు తెలిసినంత మా బంధువుల్లోనే చానామందికి తెలీదు. టేపు తీయకముందే అడుగుతాడు: “అక్కా, చిలకరింపా, ముంచేదా?” అంటే తల మీద నీళ్లు చల్లే బాప్తిస్మమా, మనిషిని నీళ్లలో పూర్తిగా ముంచేదా అని.

ఈసారి మాకు రెండూ పడినాయి. నేను కడప సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) బిడ్డను, చంకలో ఉన్నప్పుడే చిలకరించినారు. అత్తగారోళ్లు కర్నూలు బాప్టిస్టులు, ఊహ తెలిసి నమ్మినాకే ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. కడపలో మా తమ్ముని కొడుక్కి పసిబిడ్డ బాప్తిస్మం, ఇక్కడ ఇంటర్ చదివే మా అమ్మాయికి తొట్టిలో ముంచే బాప్తిస్మం.

బాబు గౌను మెత్తని మల్లుగుడ్డ. మెడకు లేసు పెట్టలేదు, తల మీద నీళ్లు పోస్తే తడిసి గుచ్చుకుంటుందని. కథోలికుల బిడ్డకైతే ఛాతీ మీద తైలం రాస్తారని ముందువైపు తెరుచుకునేలా కుడతాడంట. టోపీ ఒక్కటే నచ్చలేదు, అంచు గరుకుగా ఉంది.

అసలు పనితనం అమ్మాయి గౌనులో చూడాల. మా అత్త తెల్లచీర చాలునన్నది, కానీ నీళ్లలో పైట నిలవదు. మాస్టర్ మందపాటి గుడ్డ తీసుకుని లోపల లైనింగ్ వేసినాడు, అంచు మడతలో చిన్న బరువులు పెట్టి కుట్టినాడు. పాప మునిగినప్పుడు గౌను పైకి తేలలేదు, లేచినాక ఒంటికి అంటుకోలేదు. ఆడపిల్లకు అంతమంది ముందర ఆ ధైర్యం చానా అవసరం. బైబిల్లో రోమా 6లో పౌలు చెప్పినట్టు, మునగడంలో సమాధి, లేవడంలో కొత్త బ్రతుకు నా కళ్లెదురుగానే జరిగినాయి. ఏడ్చేసినా.

మా ఇంట్లో ఈ వాదం పాతదే. మామయ్య మార్కు 16:16 చూపించి, నమ్మకం ముందు, నీళ్లు తర్వాత అంటాడు. మా నాయన అపొస్తలుల కార్యములు 16 తీసి, ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటివాళ్లంతా ఆ రాత్రే బాప్తిస్మం పొందలేదా, అందులో పసిబిడ్డలు ఉండరా అంటాడు. నమ్మినాకే బాప్తిస్మం అన్న పట్టుదలకే 1527లో జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ అనే మనిషిని నదిలో ముంచి చంపినారు. అది తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే నేను తట్టుకోలేను.

నన్ను మళ్లీ, ఈసారి మునిగి, బాప్తిస్మం తీసుకోమని అత్తగారి వైపు పెద్దలు అడిగినారు. నేను ఒప్పుకోలేదు. నాకు ఊహ తెలియకముందే దేవుడు నన్ను తనదాన్ని చేసుకున్నాడు, పెద్దయినాక చర్చిలో విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషన్ రోజు నా నోటితో నేనే అది ఒప్పుకున్నా. మా పాపకు పసితనంలో ఇవ్వలేదు కాబట్టి తనకు ఇదే మొదటిది. తనంతట తాను అడిగింది, దానికి నేను అడ్డు చెప్పేదెట్లా?

మాస్టర్ మాత్రం ఎవరితోనూ వాదించడు, ఏ గౌనునూ తక్కువ చేసి కుట్టడు. రేటు న్యాయంగానే ఉంది. ఈస్టర్, క్రిస్మస్ ముందు చెప్పిన తేదీకి ఇయ్యడు, కాబట్టి నెల ముందే ఇచ్చుకోండి. ముంచేదైతే తొట్టిలోనా తుంగభద్రలోనా అన్నది కూడా చెప్పండి, పారే నీళ్లకు అంచులో బరువు ఇంకొంచెం పెంచుతాడు.