ఒమియా, నగోయా, క్యోటో: అమ్మానాన్నలతో వెళ్లడానికి ఏ రైల్వే మ్యూజియం మేలు?

టోక్యోలోని నిషి కసాయ్‌లో మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం పూట నలుగురు తెలుగువాళ్లం కలిస్తే, వీసాలు, బియ్యం ధరలు అయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. పిల్లాడికి రైళ్లంటే ప్రాణం. అందరం కలిసి ఏ రైల్వే మ్యూజియానికి వెళ్తే బాగుంటుంది?"

పోయిన ఏడాది మా అమ్మానాన్న మాతో మూడు నెలలు ఉన్నప్పుడు ఒమియా, నగోయా, క్యోటో మూడూ చూశాం. అడిగినవాళ్లకి నేనిప్పుడు ఎదురు ప్రశ్న ఒకటే వేస్తున్నాను: మీ వెంట వచ్చేవాళ్లలో అందరికంటే పెద్ద ఎవరు? ఐదేళ్ల పిల్లాడు ఎక్కడికి తీసుకెళ్లినా గంతులేస్తాడు. బుల్లెట్ రైలు ముక్కు కనబడితే చాలు వాడికి. ఎక్కడికి వెళ్లాలనేది మాత్రం తాతయ్యని చూసి తేల్చుకోవాలి. ఇది మూడూ తిరిగాక తెలిసింది.

మా నాన్న 1975లో బిట్రగుంట లోకో షెడ్డులో క్లీనర్‌గా చేరారు. ఫైర్‌మన్‌గా బొగ్గు వేశారు, తర్వాత డీజిల్, కరెంటు ఇంజిన్లు నడిపి రిటైరయ్యారు. రైలు ఆయనకి అన్నం పెట్టిన పని. కాబట్టి నా తూకంలో కొంత పక్షపాతం ఉంటుంది, అది ముందే చెప్పేస్తున్నాను.

టోక్యోలో ఉండేవాళ్లకి ఒమియా అన్నింటికంటే సులువు. ఒమియా స్టేషన్లో న్యూ షటిల్ అనే చిన్న బండి ఎక్కితే ఒక్క స్టాపు, దిగగానే గేటు. ఆ బండి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) వంతెన పక్కనే వెళుతుంది కాబట్టి పిల్లాడి సంబరం దారిలోనే మొదలైపోయింది. టోక్యోలోని పాత రవాణా మ్యూజియం 2006లో మూతబడ్డాక, 2007 అక్టోబరు 14న ఇది తెరిచారు. జపాన్‌లో ఆ తేదీ రైల్వే దినం. 2018లో ఇంకో భవనం కలిపారు. ఇప్పుడు తీరిగ్గా చూడాలంటే ఒక పూట చాలదు.

జపాన్ మొదటి ఇంజిన్ ఇక్కడే ఉంది. 1872లో షింబాషి నుంచి యోకోహామాకి నడిచిన బండ్లను లాగిన ఇంజిన్లలో ఇదొకటి. 1871లో ఇంగ్లండ్‌లోని వల్కన్ ఫౌండ్రీలో తయారైంది. 1853లో బొంబాయి నుంచి థానేకి మన దేశపు మొదటి ప్యాసింజర్ బండిని లాగిన ఇంజిన్లు కూడా ఆ ఫ్యాక్టరీవే. ఈ సంగతి చెబితే నాన్న రెండు నిమిషాలు ఆ చిన్న ఇంజిన్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "అయితే మనకి పెద్దక్క పిల్ల అన్నమాట" అన్నారు.

హాలు మధ్యలో టర్న్‌టేబుల్ మీద సీ57 135 నంబరు ఇంజిన్ ఉంటుంది. 1975 డిసెంబరు 14న హొక్కైదోలో జపాన్ చివరి రెగ్యులర్ ఆవిరి ప్యాసింజర్ బండిని లాగింది ఇదే. నిర్ణీత వేళల్లో దాన్ని గుండ్రంగా తిప్పుతారు, కూత కూడా వేయిస్తారు. చుట్టూ నిలబడ్డ పిల్లలంతా ఒక్కసారి చెవులు మూసుకున్నారు. "వీళ్లు ఆపేసిన ఏడాదే నేను చేరాను" అన్నారు నాన్న. తర్వాత వంగి చక్రాల సందులోంచి అడుగు భాగం చూసి, "బాగా తోమి పెట్టారు" అని ముందుకు నడిచారు. ఆ ఇంజిన్ పొయ్యిలో నిప్పు లేదు. ఆయన అక్కడ ఎక్కువసేపు ఆగకపోవడానికి అదే కారణమని అప్పుడు నాకు తట్టలేదు.

పిల్లల ఆటలకి మాత్రం ఒమియాని మించింది లేదు. తామే నడుపుకునే మినీ రైళ్లు, సిమ్యులేటర్లు, లోపలికి ఎక్కి కూర్చోగల పాత బోగీలు చాలా ఉన్నాయి. ఇబ్బందల్లా ఏమిటంటే, కొన్నింటికి మ్యూజియం యాప్‌లో లాటరీ వేసుకోవాలి, అది తగిలితేనే అవకాశం. శని, ఆదివారాలు వెళ్లి, లాటరీ తగలక, ఏడుస్తున్న పిల్లాడిని సముదాయించడం కష్టం. వీలైతే మామూలు రోజున వెళ్లండి. మంగళవారం మాత్రం సెలవు. టికెట్టు పెద్దవాళ్లకి 1600 యెన్లు, ముందుగా కన్వీనియన్స్ స్టోర్‌లో కొనుక్కుంటే కాస్త తగ్గుతుంది.

ఇంకో సౌకర్యం అమ్మకి బాగా నచ్చింది. బయట నిలబెట్టిన పాత ఎక్స్‌ప్రెస్ బోగీల్లో కూర్చుని తెచ్చుకున్న భోజనం తినొచ్చు. స్టేషన్లలో అమ్మే ఎకిబెన్ డబ్బాల్లో చేపో మాంసమో లేనివి వెతికితేగానీ దొరకవు. నూడుల్స్ పులుసులో కూడా చేపల రసం ఉంటుంది. పూర్తి శాకాహారులైన పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు దానికోసం తిరగడం మానేసి పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరడం ఉత్తమం. కిటికీ పక్కన కూర్చుని పులిహోర తింటూ "నెల్లూరు నుంచి బెజవాడ వెళుతున్నట్టుంది" అంది అమ్మ.

నగోయాది వేరే లెక్క. అక్కడి రైల్వే మ్యూజియం లీనియా తెత్సుదోకాన్ 2011 మార్చిలో తెరిచారు. నగోయా స్టేషన్ నుంచి ఆవొనామి లైన్లో చివరి స్టాపు కింజో ఫుతో, 24 నిమిషాలు. లోపలికి అడుగుపెట్టగానే చీకటి హాల్లో మూడే మూడు బండ్లు ఉంటాయి. 1954లో గంటకి 129 కిలోమీటర్లు అందుకున్న సీ62 ఆవిరి ఇంజిన్, 1996లో 443 అందుకున్న షింకన్‌సెన్ ప్రయోగ బండి, 2003లో 581 అందుకున్న మాగ్లెవ్, అంటే అయస్కాంత శక్తితో గాలిలో తేలుతూ పోయే బండి. యాభై ఏళ్లలో వేగం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో అలా పక్కపక్కన నిలబెట్టి చూపించడం నాకు ఎంతో నచ్చింది. ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే మరో మాట లేకుండా ఇక్కడికే తీసుకెళ్లండి. పట్టాలు, కరెంటు తీగలు పరీక్షించే పసుపు బండి డాక్టర్ యెల్లో కూడా ఇక్కడే ఉంది. మావాడు దాన్ని వదిలి రాలేదు. పెద్దల టికెట్టు మూడింటిలో ఇదే చవక. ఇదీ మంగళవారం సెలవే. నడక కూడా తక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి హాయి. పక్కనే లెగోలాండ్ ఉంది కాబట్టి పిల్లలున్నవాళ్లు రెండూ కలిపి పెట్టుకుంటారు. కానీ ఒక్క మ్యూజియం కోసం టోక్యో నుంచి నగోయా వెళ్లి రమ్మని నేను చెప్పను. వేరే పనుంటే సరే.

ఇక క్యోటో.

క్యోటో స్టేషన్ నుంచి సగానో లైన్లో ఒక్క స్టాపు, ఉమెకోజి క్యోటో నిషి. 2019లో ఈ స్టేషన్ వచ్చాక దిగి రెండు నిమిషాలు నడిస్తే చాలు. 2016 ఏప్రిల్లో తెరిచిన ఈ మ్యూజియంలో 0 సిరీస్, 500 సిరీస్ షింకన్‌సెన్లు పిల్లల్ని పట్టి ఆపేస్తాయి. పై టెర్రస్ ఎక్కితే తోజి గుడి గోపురం, దాని ముందు నుంచి పోయే బండ్లు కనిపిస్తాయి. ఇవన్నీ బాగున్నాయి. కానీ ఈ మ్యూజియానికి ప్రాణం వెనకాల ఉంది. 1914లో కట్టిన లోకో షెడ్డు అది. విసనకర్ర ఆకారం, 20 గదులు, మధ్యలో టర్న్‌టేబుల్. జపాన్ రైల్వేకి నూరేళ్లు నిండిన 1972లోనే దాన్ని ఆవిరి ఇంజిన్ల మ్యూజియంగా మార్చి కాపాడుకున్నారు. 2004లో ప్రభుత్వం ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

షెడ్డు కనపడక ముందే నాన్న ఆగిపోయారు. ముక్కు ఎగబీల్చి, "బొగ్గు" అన్నారు. అంతే, ఆ తర్వాత మేము ఆయన వెనక నడిచాం.

గదుల్లో వరసగా నల్లటి ఇంజిన్లు, తలలన్నీ మధ్యలోని టర్న్‌టేబుల్ వైపు. నాన్న ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్లారు. "మన బిట్రగుంట షెడ్డు కూడా ఇట్లాగే గుండ్రంగా ఉండేదిరా. వీళ్ల పట్టాలు సన్నం, ఇంజిన్లు కూడా మన డబ్ల్యూజీల కంటే నాజూకు. కానీ పని ఒకటే." డబ్ల్యూజీలంటే మన గూడ్సు బండ్ల ఆవిరి ఇంజిన్లు. నిజమే, జపాన్ పాత లైన్ల గేజి 1067 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజి 1676.

ఇక్కడ ఇంజిన్లలో కొన్ని ఇప్పటికీ నిజంగా నడుస్తాయి. ఎస్ఎల్ స్టీమ్ గో అనే బండి పోను రాను ఒక కిలోమీటరు, పది నిమిషాలు తిప్పుతుంది. పెద్దలకి 300 యెన్లు, పిల్లలకి 100. పక్కలు తెరిచి ఉన్న బోగీల్లో కూర్చోబెడతారు. మేము క్యూలో ఉండగా ఇంజిన్ సిలిండర్ల కింది నుంచి ఆవిరి బుస్సుమంటూ వచ్చింది. మావాడు భయపడి నా కాళ్ల వెనక దాక్కున్నాడు. నాన్న వాణ్ని ఎత్తుకున్నారు. మోకాళ్ల నొప్పి అని మూడు నెలలుగా వాణ్ని ఎత్తుకోని మనిషి.

"అది కోపం కాదు కన్నా. సిలిండర్లో నీళ్లు చేరతాయి, బండి కదిలే ముందు వాటిని బయటికి తోసేస్తుంది. పొగ చూడు, ఏం రంగుంది?"

"తెల్లగా ఉంది తాతా."

"నల్లగా వస్తే బొగ్గు సరిగ్గా కాలట్లేదని లెక్క. ఈ ఫైర్‌మన్‌కి పని తెలుసు. పలచగా, అంతటా సమంగా వేస్తున్నాడు."

ఆ ఫైర్‌మన్ పాతికేళ్ల కుర్రాడు. పారతో బొగ్గు ఎత్తి, నడుము తిప్పి, పొయ్యి తలుపు తెరుచుకున్న రెప్పపాటులో విసిరి, వెంటనే గేజ్ గ్లాసులో నీటి మట్టం చూసుకుంటున్నాడు. నాన్న కుడి చేయి పిల్లాడి వీపు మీద ఉంది, ఆ చేయి కూడా ఆ లయకే కొద్దికొద్దిగా కదులుతోంది. చిన్నప్పటి నుంచి నాన్న డ్యూటీకి వెళ్లడం, తిరిగి వచ్చి పడుకోవడం చూశాను తప్ప ఆయన పని ఎలా ఉండేదో నాకు తెలియదు. నలభై రెండేళ్ల వయసులో, క్యోటోలో, ఇంకెవరో కుర్రాడు చేస్తుంటే చూసి తెలుసుకున్నాను.

డబ్బు సంగతి దాచను. టోక్యో నుంచి క్యోటోకి నొజోమి బుల్లెట్ రైల్లో రెండుంబావు గంటలు, పోను రాను మనిషికి 28 వేల యెన్ల దాకా అవుతుంది. నలుగురు పెద్దవాళ్లకి లక్ష దాటుతుంది. ఆరేళ్ల లోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే టికెట్టు అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి జేఆర్ పాస్ (టూరిస్టులకిచ్చే రైలు పాస్) కొనాలని చాలామంది అనుకుంటారు. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 50 వేలకి పెరిగింది కాబట్టి, ఒక్క క్యోటో ప్రయాణానికైతే అది దండగ. అయితే ఒకటి ఆలోచించండి. జపాన్ దాకా వచ్చిన తల్లిదండ్రుల్ని క్యోటో గుళ్లకి ఎలాగూ తీసుకెళతాం. అప్పుడు మ్యూజియానికి అదనంగా అయ్యేది ఒక పూట, మనిషికి 1500 యెన్ల టికెట్టు. చార్జీల లక్షంతా దీని ఖాతాలో వేయడం న్యాయం కాదు. బుధవారం మాత్రం పెట్టుకోకండి, సెలవు. ఎండాకాలంలో అయితే పొద్దున్నే షెడ్డు వైపు చూసేసి తర్వాత ఏసీ హాల్లోకి రండి.

కసాయ్‌లో ఉన్న మెట్రో మ్యూజియం గురించి కూడా ఒక మాట. నిషి కసాయ్ నుంచి ఒక్క స్టాపు, పెద్దలకి 220 యెన్లు. 1927లో నడిచిన టోక్యో మొదటి సబ్‌వే పసుపు పెట్టె అక్కడుంది. వాన పడుతున్న ఆదివారం పిల్లాడితో రెండు గంటలు గడపడానికి బంగారం లాంటి చోటు, కానీ ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఇదే చూపించి సరిపెట్టకండి.

కాబట్టి నా మాట ఇది. పిల్లలు చిన్నవాళ్లు, పెద్దవాళ్లెవరూ వెంట లేరు అంటే ఒమియా. హైస్కూలు దాటిన పిల్లలుంటే, అటువైపు వెళ్లే పని కూడా ఉంటే నగోయా. ఆవిరి ఇంజిన్ కూత విన్న వయసువాళ్లు ఇంట్లో ఉంటే, రైల్వే ఉద్యోగం చేయకపోయినా సరే, క్యోటో. ఒమియాలో ఎన్నో ఎక్కువ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ చల్లారిన ఇంజిన్లు వంద చూపించినా, కాగుతున్న ఇంజిన్ ఒక్కటి చేసే పని చేయవు. మా అత్తగారు వచ్చినప్పుడు కూడా క్యోటోకే తీసుకెళ్తాను. ఆవిడ రైల్వే మనిషి కాదు, పెళ్లయి కాపురానికి వెళ్లింది బొగ్గు బండిలోనే.

క్యోటో వెళితే ఆఖరి ట్రిప్పు దాకా ఉండండి. అది అయ్యాక ఇంజిన్‌ని టర్న్‌టేబుల్ ఎక్కించి తిప్పి షెడ్డులోకి పంపుతారు. చాలామంది అప్పటికే దుకాణం వైపు వెళ్లిపోతారు. మేము రెయిలింగ్ పట్టుకుని మొత్తం చూశాం. ఇంజిన్ నెమ్మదిగా తన గదిలోకి దూరేదాకా నాన్న చేయి ఊపుతూనే ఉన్నారు, పక్కన పిల్లాడు కూడా.

రాత్రి హోటల్ గదిలో అమ్మ బట్టలు మడత పెడుతూ నాన్న చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. "అయ్యో రాత, మళ్లీ బొగ్గు వాసన" అంది. ఉతకడానికని పక్కన పెట్టబోతుంటే నాన్న చేయి చాచి, "ఉండనీ, ఊరెళ్లాక ఉతుకుదువులే" అన్నారు. అమ్మ దాన్ని విడిగా ఒక కవర్లో పెట్టి పెట్టె అడుగున సర్దింది.