మందు రియాక్షన్ ఫారం: నింపడానికి పది నిమిషాలే, కానీ నింపే తీరు ముఖ్యం

మందు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడక ఐసీయూకి వెళ్లినా ఆసుపత్రులు ఆ సంగతి చెప్పాల్సిన చోటు ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా. 2010 జులైలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలైంది, మరుసటి ఏప్రిల్‌లో ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు మారింది. సేవ ఉచితం. దాని ఫారానికి మా మార్కు 5కి 3.5.

ముందు మంచి చెబుదాం. తప్పనిసరిగా నింపాల్సినవి కొన్నే: రోగి పేరులోని పొడి అక్షరాలు, వయసు, ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, ఏ మందు మీద అనుమానం, నింపినవారి వివరాలు. అనుమానం ఉంటే చాలు, రుజువు అక్కర్లేదు. రిపోర్టు పంపినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఫారం మీదే ఉంటుంది. మెమో వస్తుందేమోనని వెనక్కి తగ్గే నర్సులకు ఆ వాక్యం వేలు పెట్టి చూపించాలి.

అసలు తిప్పలు వివరాలు రాసే పెట్టెతో. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌నే తీసుకోండి, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. నిమిషానికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే ఒక గ్రాముకు 100 నిమిషాలు. రద్దీలో క్లాంపు వదిలేసి ఇరవై నిమిషాల్లో ఎక్కించేస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పుట్టొచ్చు. ఇది వేగం వల్ల వచ్చేది, ఎలర్జీ కాదు. ఫారంలో ‘వాంకోమైసిన్ ఎలర్జీ’ అని రెండు ముక్కలు రాసి పంపితే తప్పంతా మందు నెత్తిన పడుతుంది. కేస్ షీట్ మీద కూడా ఎలర్జీ అని ఎక్కుతుంది, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. నిజమైన ఎలర్జీ కూడా ఉండొచ్చు. రెండింటినీ విడదీయాలంటే ఎంతసేపట్లో ఎక్కింది, ఎన్నో నిమిషంలో మొదలైంది, బీపీ ఎంత, ఆపాక ఎంతసేపటికి తగ్గింది అన్నవి కావాలి. ఫారంలో డోసుకు, బ్యాచ్ నంబరుకు, తేదీలకు గడులున్నాయి గానీ ఎక్కించిన వేగానికి లేదు. దాన్ని మనమే పెట్టెలో రాయాలి. అర మార్కు కోత దీనికే.

ఇంకో పొరపాటు, నిన్నటి మందులే రాయడం. 2023 నవంబరు 30న కమిషన్ మెఫెనమిక్ యాసిడ్‌పై హెచ్చరిక ఇచ్చింది. నెలసరి నొప్పికి విరివిగా వాడే ఈ మాత్రతో డ్రెస్ సిండ్రోమ్ రావచ్చని దాని సారాంశం. దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపుతో మొదలై కాలేయం దాకా పాకే ఈ జబ్బు సాధారణంగా మందు మొదలెట్టిన 2 నుంచి 8 వారాల మధ్య బయటపడుతుంది. కాబట్టి రెండు నెలలు వెనక్కి వెళ్లి అడగండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవి, నాటుమందులు, ఆయుర్వేదం అన్నీ రాయండి.

మిగతా మార్కు ఎందుకు పోయిందంటే, ఈ ఫారం మందు గురించి అడుగుతుంది, పని జరిగిన తీరు గురించి అడగదు. నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే పొటాషియం క్లోరైడ్ ఆంపూల్‌ను (చిన్న గాజు బుడ్డిని) వేరే మందనుకుని చేతిలోకి తీసుకుని, చివరి క్షణంలో లేబుల్ చదివి ఆగిపోయారనుకోండి. రోగికి ఏమీ కాలేదు కాబట్టి ఇక్కడ రిపోర్టు లేదు. కానీ రెండు ఆంపూళ్లూ ఒకే ట్రేలో ఎందుకున్నాయో తేల్చాల్సింది అప్పుడే. దానికి జరిగిన, తృటిలో తప్పిన పొరపాట్లు రాసే ఆసుపత్రి సొంత ఇన్సిడెంట్ ఫారం కావాలి. అందులో మొదటి ప్రశ్న ‘ఎవరు చేశారు’ అయితే మాత్రం ఎవరూ నింపరు. పై వాంకోమైసిన్ కేసుకైతే రెండు ఫారాలూ నింపాలి.

రోగులూ, ఇంట్లోవాళ్లూ నేరుగా చెప్పుకోవచ్చు. వాళ్లకు తెలుగులోనూ ఫారం ఉంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 దాకా. ఫోన్ చేసే ముందు మాత్రల స్ట్రిప్ దగ్గర పెట్టుకోండి. షాపువాళ్లు కత్తిరించి ఇచ్చిన ముక్క మీద బ్యాచ్ నంబరు లేకపోతే బిల్లు వెతకండి, అందులో ఉంటుంది.