థింక్‌హజార్డ్ వాడి చూశాను: ఏ ఊరు భద్రమో చెబుతుందా?

మేము ఇల్లు మారాలి. ఉద్యోగం రెండు చోట్ల వచ్చే వీలుంది, ఒకటి భూకంపాల ప్రాంతం, రెండోది తుపాన్లు తగిలే తీరం. ఇంట్లో నెల రోజులుగా ఇదే చర్చ. అన్నయ్య ఫోన్ చేసి "తుపాను అయితే రెండు మూడు రోజుల ముందే చెబుతారు, భూకంపం చెప్పి రాదు కదరా, తీరం వైపే వెళ్ళు" అన్నాడు. మా ఆవిడేమో "పిల్లల్ని పెట్టుకుని ఏటా గాలివానకి బిక్కుబిక్కుమంటూ ఉండలేనండీ, ఎప్పుడో వందేళ్ళకి వచ్చే భూకంపమే నయం" అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, దాంతో నా టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరైనా లెక్కలు కట్టి రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగుండు అని వెతుకుతుంటే థింక్‌హజార్డ్ కనబడింది. మూడు వారాలుగా వాడుతున్నాను. మాలాగే ఎక్కడ ఉండాలో తేల్చుకోలేని వాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఇది ప్రపంచ బ్యాంకుకు చెందిన జీఎఫ్‌డీఆర్‌ఆర్ అనే విపత్తుల విభాగం నడిపే వెబ్‌సైటు. పూర్తిగా ఉచితం, లాగిన్ అవసరం లేదు. ప్రపంచంలో ఏ ప్రాంతం పేరు కొట్టినా పదకొండు రకాల ఆపదలకు ఒక్కో స్థాయి చూపిస్తుంది: నది వరద, పట్టణ వరద, సముద్రపు ముంపు, భూకంపం, కొండచరియలు, సునామీ, అగ్నిపర్వతం, తుపాను, నీటి ఎద్దడి, విపరీతమైన ఎండ, కార్చిచ్చు. స్థాయిలు నాలుగే, హై, మీడియం, లో, వెరీ లో. ఒక్కోదాని మీద నొక్కితే ఆ స్థాయికి అర్థమేంటో, అక్కడ ఏదైనా కట్టేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో, వాతావరణ మార్పు వల్ల ఈ ముప్పు ముందుముందు పెరుగుతుందా అన్నదీ నాలుగు ముక్కల్లో చెబుతుంది. రిపోర్టును పీడీఎఫ్‌గా దించుకోవచ్చు.

ముందు దీని మంచి చెప్పాలి. మనం ఒక ప్రాంతం గురించి ఆలోచించేటప్పుడు పేపర్లో చదివిన ఒకే ఒక్క ఆపద బుర్రలో కూర్చుంటుంది. జపాన్ అనగానే భూకంపం, ఫ్లోరిడా అనగానే హరికేన్. మిగతావి తట్టనే తట్టవు. నేను తీర ప్రాంతానికి కేవలం తుపాను కోసమే చూడబోయాను, తీరా చూస్తే ఎండ, పట్టణ వరద కూడా హైలో ఉన్నాయి. ఆ రెండింటి గురించీ మా ఇంట్లో ఎవరూ ఒక్క మాట కూడా అనుకోలేదు. ఇందుకోసమైనా ఈ సైటు చూడమంటాను.

ఇక అసలు సంగతి. మొదటి రోజు నేను చేసిన పని ఏంటంటే, రెండు చోట్ల రిపోర్టులూ తెరిచి ఎన్ని హైలు, ఎన్ని మీడియంలు అని లెక్కపెట్టాను. ఆ లెక్క దేనికీ పనికిరాదని ఒక్కో ఆపద కింద ఉన్న వివరణ చదివాకే అర్థమైంది. భూకంపానికి హై అంటే, రాబోయే 50 ఏళ్ళలో నష్టం కలిగించేంతగా భూమి కంపించే అవకాశం 20 శాతం కంటే ఎక్కువ అని. తుపానుకు హై అంటే, రాబోయే 10 ఏళ్ళలో నష్టం చేసేంత గాలి వీచే అవకాశం 20 శాతం కంటే ఎక్కువ అని. పదం ఒకటే, గడువు మాత్రం 50 ఏళ్ళు ఒకచోట, 10 ఏళ్ళు ఇంకోచోట! 50 ఏళ్ళకు 20 శాతాన్ని పదేళ్ళకు కుదిస్తే నాలుగు శాతం పైచిలుకు వస్తుంది. అంటే హై అన్న మాట దక్కడానికి తుపానుకు పెట్టిన గీత భూకంపానికి పెట్టిన గీత కంటే నాలుగున్నర రెట్లు పైన ఉంది. నది వరదకు హై అంటే వచ్చే పదేళ్ళలో కనీసం ఒక్కసారైనా ప్రాణాలకు ముప్పు తెచ్చే వరద వస్తుందని. అగ్నిపర్వతానికి శాతమే లేదు, గత 2,000 ఏళ్ళలో నష్టం చేసేలా పేలిన పర్వతం 50 కిలోమీటర్ల లోపు ఉందా అన్నది చూస్తారు. కొండచరియలకు వాలు, వాన, నేల స్వభావం చూసి చెబుతారు.

ఒక్కో ఆపదను నిపుణులు ఒక్కో పద్ధతిలో కొలుస్తారు, వాళ్ళకది సహజం, తప్పని నేను అనను. కానీ అన్నింటికీ ఒకే రంగులు, ఒకే పదాలు వాడి పక్కపక్కన పెడితే మనలాంటి మామూలు మనిషి ఏం చేస్తాడు? పోలుస్తాడు. ఆ గడువును రంగు పక్కనే పెద్ద అక్షరాల్లో రాస్తే ఎంత మేలు జరిగేది. ఒకే ఆపదను రెండు ఊళ్ళ మధ్య పోల్చడానికి సైటు బాగుంది, రెండు వేర్వేరు ఆపదలను పోల్చాలంటే మాత్రం కాగితం మీద మనమే గడువులు సరిచేసుకోవాలి.

మా ఆవిడ అన్న 'వందేళ్ళకి ఒకసారి' మాట కూడా ఇక్కడే తేలింది. వందేళ్ళ వరద అంటే ఒకసారి వస్తే మళ్ళీ వందేళ్ళు రాదని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఇంటి లోను కట్టే 30 ఏళ్ళలో అది కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం 26 శాతం, అంటే నలుగురిలో ఒకరికి. ఇది చూపించాక తను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నన్ను బాగా ఆలోచింపజేసింది, ఈ సైటు అసలు చూపించనిది. ఆపద ఎంత పెద్దదో చెబుతుంది గానీ అది వచ్చినప్పుడు మన ఇల్లు నిలబడుతుందా లేదా అన్నది దీని పరిధిలో లేదు. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రత భూకంపం వచ్చి లక్ష మందికి పైగా పోయారు. అదే ఏడాది ఫిబ్రవరిలో చిలీలో 8.8 వచ్చింది. విడుదలైన శక్తి లెక్కన అది హైతీ భూకంపానికి కొన్ని వందల రెట్లు, అయినా మృతులు 500 పైచిలుకు. హైతీ భూకంపం రాజధానికి దగ్గరగా, తక్కువ లోతులో వచ్చిన మాట నిజమే, కానీ చిలీలో 1960లో 9.5 చూసిన అనుభవం ఉంది, కట్టడాల నిబంధనలు గట్టివి, వాటిని పాటిస్తారు కూడా. మ్యాపు మీద రెండు చోట్లా భూకంపం హైనే. ఆ ఒక్క పదంలో ఈ తేడా అంతా మాయమైపోతుంది.

జపాన్‌లో ఇల్లు చూసుకునేవాళ్ళు అది 1981 జూన్ తర్వాత వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం కట్టిందా అని మొదట అడుగుతారు, ఎందుకంటే 1995 కోబే భూకంపంలో ఎక్కువగా కూలినవి అంతకుముందు కట్టినవే. నా ఉద్దేశంలో భూకంప ప్రాంతంలో ఇల్లు వెతికేవాడికి ఊరి పేరు కంటే బిల్డింగు కట్టిన ఏడాది ముఖ్యం.

అన్నయ్య మాటకు వస్తే, తుపాను ముందే తెలుస్తుందన్నది నిజమే, కానీ తెలియడం ఒక్కటే చాలదు. బంగ్లాదేశ్‌నే చూడండి. 1970 నవంబరులో వచ్చిన భోలా తుపాను ఉప్పెనలో కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. 1991లో మళ్ళీ పెద్దది వస్తే లక్షా ముప్ఫై వేలకు పైగా. 2007లో సిడర్ వచ్చినప్పుడు అధికారిక లెక్క సుమారు 3,400. సముద్రం అదే, పల్లపు నేల అదే. మధ్యలో మారిందేంటంటే తుపాను షెల్టర్లు కట్టారు, 1972లో మొదలైన వాలంటీర్ల కార్యక్రమం ఊరూరా మైకు పట్టుకుని హెచ్చరించింది. 3,400 కూడా చిన్న సంఖ్య కాదు, ఒక్కొక్కరూ ఒక్కో ఇంటి మనిషి, అయినా ఎంత తగ్గిందో చూస్తే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. తీర ప్రాంతానికి వెళ్ళాలనుకునేవాళ్ళు షెల్టరు ఎంత దూరం, ఇల్లు ఖాళీ చేయమంటే ఏ రోడ్డున వెళ్ళాలి, ఆ రోడ్డే మునుగుతుందా అన్నవి కనుక్కోవాలి. ఇవేవీ థింక్‌హజార్డ్‌లో ఉండవు.

'లో' అని కనబడగానే ఊపిరి పీల్చుకోవడం కూడా మంచిది కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చి తొమ్మిది వేల మందికి పైగా చనిపోయారు. అప్పటి భూకంప మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికంటే భద్రమైన జోన్ ఒకటిలో ఉంది. తీవ్రత 6.2 మాత్రమే, కానీ మట్టితో పేర్చిన బరువైన రాతి గోడల ఇళ్ళు నిద్రపోతున్నవాళ్ళ మీద కూలాయి. న్యూజిలాండ్‌లో అందరూ వెల్లింగ్టన్ గురించి భయపడుతుంటే 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్ దెబ్బతింది, 185 మంది పోయారు. కొన్ని పేటల్లో నేలలోని ఇసుక నీటితో కలిసి బురదలా పైకి ఉబికింది, దాదాపు 8,000 ఇళ్ళ స్థలాలు మళ్ళీ నివాసానికి పనికిరావని తేల్చారు. అమెరికాలో ఆషెవిల్ అనే ఊరిని వాతావరణ మార్పు నుంచి తలదాచుకోవడానికి మంచి చోటని చాలామంది అనుకునేవారు, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం, చుట్టూ కొండలు. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ వానలకు అక్కడి నదులు ఊళ్ళను ఊడ్చేశాయి.

ఎండ గురించి జనం పట్టించుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అది ఇళ్ళను కూల్చదు, ఫోటోల్లో కనబడదు. 2003 వేసవిలో యూరప్‌లో సుమారు 70,000 మంది ఎండకు చనిపోయారని అంచనా. 2021 జూన్ చివర్లో కెనడాలోని లిట్టన్ అనే ఊళ్ళో 49.6 డిగ్రీలు నమోదైంది, మర్నాడే ఆ ఊరు కార్చిచ్చులో కాలిపోయింది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఆ వేడికి 619 మంది చనిపోతే దాదాపు అందరూ ఇంట్లోనే చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు. చల్లటి ప్రాంతం కదా అని ఏసీ ఉండదు, ఇల్లు వేడిని పట్టి ఉంచేలా కట్టి ఉంటుంది. థింక్‌హజార్డ్ ఎండను భూకంపంతో సమానంగా ఒక వరుసలో పెట్టినందుకు మెచ్చుకోవాలి.

ఇంకో పెద్ద లోటు, సైటు చెప్పేది జిల్లా స్థాయిలో. నది ఒడ్డున ఉన్న వీధికీ, అదే జిల్లాలో గుట్ట మీద ఉన్న వీధికీ ఒకే స్థాయి. సునామీ, వరదల విషయంలో పది మీటర్ల ఎత్తే ప్రాణం కాపాడుతుంది. జపాన్‌లో అనెయోషి అనే పల్లెలో 1933 సునామీ తర్వాత ఈ రాయికి దిగువన ఇళ్ళు కట్టవద్దని ఒక రాయి చెక్కించి పెట్టారు, ఊరివాళ్ళు ఆ మాట పాటించారు. 2011లో అలలు ఆ రాయి దాకా రాలేదు, ఇళ్ళు నిలిచాయి. జిల్లా మొత్తానికి ఇచ్చే స్థాయి ఆ రాయి ఎక్కడుందో చెప్పలేదు.

వేరే వాటినీ కాసేపు చూశాను. అమెరికా వరకైతే అక్కడి ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా వాళ్ళ నేషనల్ రిస్క్ ఇండెక్స్ ఇంకా లోతుగా ఉంటుంది, 18 రకాల ఆపదలు, టోర్నడోలు కూడా ఉన్నాయి (థింక్‌హజార్డ్‌లో టోర్నడో లేదు). అది ఏటా జరిగే నష్టాన్ని డాలర్లలోకి మార్చి, జనం తట్టుకునే శక్తిని కూడా కలుపుతుంది. కానీ ఆస్తులూ జనాభా ఎక్కువున్న చోట అంకె పెరుగుతుంది, అందుకే లాస్ ఏంజెలెస్ కౌంటీ జాబితా పైన కనబడుతుంది, ఆ అంకె చూసి అక్కడ ఒక్కో మనిషికీ అంత ముప్పు ఉందనుకోకూడదు. వరల్డ్ రిస్క్ ఇండెక్స్ దేశాలకు ర్యాంకులిస్తుంది, ఫిలిప్పీన్స్ వరసగా మొదటి స్థానంలో ఉంటోంది. దేశం మొత్తానికి ఒక్క ర్యాంకు ఇల్లు వెతుక్కునేవాడికి ఎందుకూ ఉపయోగపడదు.

నా రేటింగు అయిదుకు మూడున్నర. ఏ ఊరి గురించైనా మొదటి అరగంట ఇక్కడే గడపమని చెబుతాను, రిపోర్టు దించుకుని ఒక్కో స్థాయి పక్కన దాని గడువు పెన్నుతో రాసుకోండి, హైలు లెక్కపెట్టకండి. ఆ తర్వాత స్థానిక వరద మ్యాపు, బిల్డింగు వయసు, ఆ వీధిలో పాతికేళ్ళుగా ఉంటున్నవాళ్ళ మాట, ఈ మూడూ విడిగా కనుక్కోవాల్సిందే. మేమింకా తేల్చుకోలేదు. భూకంపాల ప్రాంతంలో చూసిన ఇంటికి కట్టిన ఏడాది కాగితాలు పంపమని అడిగాను, తీరంలో చూసిన ఇల్లు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో మా ఆవిడ కనుక్కుంటోంది.